తుమ్మపూవు పతకం



మాస్టారి పేరిట జరిగే ఈ ఏటి స్మారకోపన్యాసానికి విషయం నన్నే ఎంచుకోమన్నారు. మాస్టారికి సన్మానాలంటే గిట్టేది కాదని ఆయన దగ్గర చదువుకున్న మీ అందరికీ తెలుసు. శాలువా పట్టుకుని ఎవరైనా దగ్గరికొస్తే కుర్చీలోంచి లేచి పక్కకి తప్పుకునేవారు. అలాంటి మనిషి పేరిట జరిగే సభలో సన్మానాల గురించే మాట్లాడదామనుకోవడం కొంత పెంకితనమే. ఆయన ఉంటే కళ్లజోడు పైకి నెట్టి “సరే, కానివ్వు” అనేవారు. నేను చెప్పబోయేది మన ఊరి శాలువాల గురించి కాదు లెండి. ఆస్ట్రేలియా తన పౌరులకిచ్చే జాతీయ పురస్కారాల గురించి. ఎవరికివ్వాలి, ఎవరు తేల్చాలి, ఎన్ని మెట్లుండాలి అన్న తగువులన్నీ ఆ దేశం యాభై ఏళ్లుగా బహిరంగంగానే పడింది. పడ్డ ప్రతిసారీ నిబంధనలు మార్చుకుంది. మనం నాలుగ్గోడల మధ్య గొణుక్కునేవన్నీ వాళ్లు పార్లమెంటులోనూ పత్రికల్లోనూ అరిచి మరీ తేల్చుకున్నారు. అందుకే ఆ కథ మనకి వినదగ్గది.

కథ మొదలయ్యే చోటు మనకూ తెలిసినదే. కందుకూరి వీరేశలింగం పంతులుగారికి 1893లో రావు బహద్దూర్ ఇచ్చిన ప్రభుత్వమూ, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారికి 1931లో సర్ బిరుదిచ్చిన సింహాసనమూ సిడ్నీ, మెల్బోర్న్ పెద్దమనుషులకీ బిరుదులు పంచేవి. క్రికెటర్ డాన్ బ్రాడ్‌మన్ 1949లో సర్ డోనాల్డ్ అయింది ఆ దారినే. స్వతంత్రం వచ్చాక మనం ఆ దుకాణం కట్టేశాం. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదుల్నే రద్దు చేసింది. ఆస్ట్రేలియా మాత్రం బ్రిటిష్ బిరుదులకి సిఫారసులు పంపడం 1992 దాకా పూర్తిగా మానలేదు. ఆ ఏడు అక్టోబరులో ప్రధాని పాల్ కీటింగ్ ఇక పంపబోమని ప్రకటించేనాటికి మనం వదిలించుకుని 45 ఏళ్లు.

లండన్ బిరుదుల్లో చిక్కు రాణిగారితో కాదు. రాణిగారి దాకా పేరు వెళ్లే దారిలో ఉంది. కాన్‌బెరాలో ప్రధాని, రాష్ట్రాల్లో ప్రీమియర్లు, అంటే మన ముఖ్యమంత్రుల్లాంటి వాళ్లు, జాబితాలు తయారుచేసి పంపేవారు. పార్టీకి చందాలిచ్చినవాళ్లు, పదవి దిగిపోతున్న మంత్రులు, నమ్మకస్తులైన అధికారులు ఆ జాబితాల్లో చేరిపోవడం ఎవరికీ వింతగా తోచేది కాదు. క్వీన్స్‌లాండ్ సంగతి చూడండి. అక్కడి ప్రీమియర్ జో బ్యెల్కీ-పీటర్సన్ 1984లో సర్ అయ్యారు, తన ప్రభుత్వం సిఫారసు మీదే. 1986లో ఆ రాష్ట్ర పోలీసు కమిషనర్ టెరీ లూయిస్‌నీ సర్ చేశారు. తర్వాత ఫిట్జ్‌జెరాల్డ్ విచారణ సంఘం పోలీసు శాఖలో కుళ్లునంతా బయటికి లాగింది. లూయిస్ అవినీతి నేరం కింద 1991లో జైలుకి వెళ్లారు. 1993లో ఆ సర్ ఊడిపోయింది.

అంతకు ముందే, 1975 ఫిబ్రవరి 14న, లేబర్ ప్రధాని గఫ్ విట్లమ్ సలహా మీద రెండో ఎలిజబెత్ రాణి ‘ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా’ అనే కొత్త పురస్కార వ్యవస్థని నెలకొల్పారు. అప్పట్లో మూడే మెట్లు. పైన కంపానియన్, దాని కింద ఆఫీసర్, ఆ కింద మెంబర్. పేరు ముందు సర్ లేదు, డేమ్ లేదు. పేరు వెనక మాత్రం ఏసీ, ఏఓ, ఏఎం అని రెండక్షరాలు పెట్టుకోవచ్చు. ప్రాణాలకి తెగించి ఎదుటివాళ్లని కాపాడినవాళ్లకి క్రాస్ ఆఫ్ వేలర్ మొదలైన సాహస పతకాలు కూడా ఆ రోజే పుట్టాయి. ప్రభుత్వోద్యోగులకి వేరే పతకం 1989లో వచ్చింది. వాటి జోలికి ఈవేళ పోను.

పతకానికి రూపం గీసింది స్టువర్ట్ డెవ్లిన్. ఆస్ట్రేలియా 1966లో దశాంశ నాణేలకి మారినప్పుడు వాటి మీద జంతువుల బొమ్మలు గీసిన కంసాలి ఆయనే. సింహాలూ, శిలువలూ, నక్షత్రాలూ అన్నీ పక్కనపెట్టి వాటిల్ పూవుని ఎంచుకున్నారు. వాటిల్ అంటే మన తుమ్మకి దగ్గరి చుట్టం. అదే పసుపు, అదే గుండ్రటి దూదిపింజ లాంటి పూత. మన చెరువుగట్ల మీద మేకలు తినే చెట్టు అక్కడ దేశపు గుండెల మీద బంగారు బిళ్లయింది. నీలం రిబ్బను మీద పసుపు చుక్కలు కూడా ఆ పూలే. బంగారు వాటిల్‌ని జాతీయ పుష్పంగా అధికారికంగా ప్రకటించింది 1988లో. పతకం మీద అది అప్పటికే పదమూడేళ్లుగా పూస్తోంది.

అయితే విట్లమ్ చేసిన అసలు పని పూవు కాదు. దారి మార్చడం. ఇకమీదట పేరు ప్రీమియర్ బల్ల మీద నుంచి బయల్దేరనక్కర్లేదు. ఎవరైనా ఎవరి పేరైనా పంపవచ్చు. వచ్చిన పేర్లని ‘కౌన్సిల్ ఫర్ ది ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా’ పరిశీలిస్తుంది. ఇప్పుడందులో 19 మంది. రాష్ట్రాల, టెరిటరీల ప్రతినిధులు, సమాజంలోంచి తీసుకున్న మనుషులు, హోదా రీత్యా రక్షణదళాధిపతి లాంటి వాళ్లు. ఆ మండలి సిఫారసు మంత్రివర్గాన్ని దాటుకుని నేరుగా సింహాసనం ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్‌కి వెళుతుంది.

ఇంత పద్ధతిగా మొదలైన పని తొమ్మిది నెలలైనా తిరక్కుండానే తుఫానులో చిక్కుకుంది. 1975 నవంబరు 11న గవర్నర్ జనరల్ సర్ జాన్ కెర్ ఎన్నికైన ప్రధాని విట్లమ్‌ని పదవి నుంచి తప్పించారు. కొత్త పురస్కార వ్యవస్థకి ఛాన్సలర్ కూడా ఆ కెర్ గారే. ఆ తర్వాత గద్దెనెక్కిన మాల్కమ్ ఫ్రేజర్‌కి సర్, డేమ్ లేని పురస్కారాలు చప్పగా తోచినట్టున్నాయి. 1976 మే 24న సవరణ తెచ్చి నైట్, డేమ్ అనే మెట్టుని అందరికంటే పైన కూర్చోబెట్టారు. నోబెల్ గ్రహీత, నవలాకారుడు ప్యాట్రిక్ వైట్ ఏడాది ముందు అందుకున్న ఏసీని తిరిగిచ్చేశారు. ఆర్థికవేత్త ‘నగెట్’ కూంబ్స్ కూడా వదులుకున్నారు. పత్రికలు నైట్‌ల గురించి రాశాయి. పార్లమెంటు నైట్‌ల గురించి అరిచింది.

ఆ సవరణలోనే, ఆ కాగితంలోనే, అడుగున ఇంకో మెట్టు కూడా పుట్టింది. మెడల్ ఆఫ్ ది ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా. ఓఏఎం అంటారు. దాని గురించి ఎవరూ పెద్దగా కొట్లాడలేదు. నేను ఈవేళ చెప్పదలచుకున్నది ఆ అడుగుమెట్టు గురించే. పై మెట్లకి ఏడాదికి ఇన్నే అని పరిమితి ఉంది. దీనికి లేదు. ఊరి అగ్నిమాపక దళంలో ముప్పయ్యేళ్లు జీతం లేకుండా పనిచేసినవాళ్లు, శనివారాల్లో పిల్లలకి నెట్‌బాల్ నేర్పేవాళ్లు, చరిత్ర సంఘం పెట్టి ఊరి పాత ఫొటోలు కాపాడినవాళ్లు, వృద్ధుల ఇళ్లకి భోజనాలు చేరవేసేవాళ్లు – వీళ్ల పేర్లు జాతీయ గెజెట్‌లోకి ఎక్కింది ఆ మెట్టు మీదుగానే. ఈనాడు ఏ జాబితా తిరగేసినా ఎక్కువ పేజీలు వాళ్లవే. ఫ్రేజర్ గారు జమీందారీ దర్జా తేబోయి దాంతోపాటు రైతుబజారు కూడా తెరిచారు. దర్జా నిలవలేదు, బజారు నిలిచింది.

దర్జా ఎలా పోయిందో చెప్పకుండా ముందుకు పోలేను. మా పాత్రికేయులకి అది పండగ. 1986లో బాబ్ హాక్ ప్రభుత్వం నైట్, డేమ్ మెట్టుని తీసేసింది. 28 ఏళ్ల తర్వాత, 2014 మార్చిలో, టోనీ ఆబట్ దాన్ని మళ్లీ బతికించారు. మండలి దారిన కాదు, ప్రధాని తన ఇష్టప్రకారం రాణికి సిఫారసు చేసే దారిన. పదవి దిగుతున్న గవర్నర్ జనరల్ క్వెంటిన్ బ్రైస్ డేమ్ అయ్యారు, కొత్తగా వచ్చిన పీటర్ కాస్‌గ్రోవ్ సర్ అయ్యారు. అక్కడితో ఆగినా బాగుండేది. 2015 జనవరి 26న, దేశం మొత్తం వాటిల్ పతకాల జాబితా చూస్తున్న వేళ, ఆబట్ గారు రాణిగారి భర్త ప్రిన్స్ ఫిలిప్‌కి ఆస్ట్రేలియా నైట్ హోదా ప్రకటించారు. దేశం పగలబడి నవ్వింది. సొంత పార్టీ వాళ్లకే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సరిగ్గా రెండు వారాలకి, ఫిబ్రవరి 9న, ఆయన నాయకత్వం మీద పార్టీలో ఓటింగు పెట్టారు. 61–39 తేడాతో అప్పటికి గట్టెక్కారు. సెప్టెంబరులో మాల్కమ్ టర్న్‌బుల్ చేతిలో కుర్చీ పోయింది. నవంబరులో టర్న్‌బుల్ ఆ మెట్టుని మళ్లీ తీసేశారు. ఆబట్ పతనానికి ఆ ఒక్క బిరుదే కారణమనడం అతిశయోక్తే. కానీ పేరు మళ్లీ ప్రధాని బల్ల మీద నుంచి బయల్దేరితే జనం ఊరుకోరని ఆ ఏడాది తేలిపోయింది. అందుకు విట్లమ్ వేసిన దారే కారణం. నలభై ఏళ్లు ఆ దారిన నడిచినవాళ్లకి పాతదారి అవమానంగా తోచింది.

ఇప్పుడు ఆ దారి ఎలా ఉంటుందో చెబుతాను. పేరు పంపేవాళ్లు ఆ మనిషి చేసిన పనిని వివరంగా రాయాలి. ఏం చేశారు, ఎంతకాలం, దానివల్ల ఎవరికేం మారింది. ఆ పని ఎరిగిన ఇతరుల పేర్లు కూడా ఇవ్వాలి. ఆ సంగతి ఆ మనిషికి తెలియనివ్వకపోవడం మర్యాద. మన పద్మ పురస్కారాలకి ఎవరి పేరు వాళ్లే పంపుకునే వీలుందన్న విషయం ఇక్కడ గుర్తుచేసి ఊరుకుంటాను. గవర్నర్ జనరల్ కార్యాలయంలో ఉద్యోగులు ఆ కాగితాలు పట్టుకుని విచారిస్తారు, చెప్పినవాళ్లని అడుగుతారు, చెప్పనివాళ్లనీ అడుగుతారు. మండలి ఏడాదికి రెండుసార్లు కూర్చుంటుంది. మెట్టు ఏదన్నది తేల్చేది మండలే. మొత్తానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడం మామూలు. ఇవ్వాలని తేలాక, స్వీకరిస్తారా అని రహస్యంగా ఉత్తరం రాస్తారు. వద్దన్నవాళ్ల పేర్లు కార్యాలయం బయటపెట్టదు. ఇంత తతంగం నడుస్తుండగా మనిషి పోతే? బతికుండగా కాగితం చేరి ఉంటే పురస్కారం ఇస్తారు. పోయాక పంపితే తీసుకోరు. “పాపం, పెద్దాయన పోయాక అందరూ పొగిడేవారే” అని మనం సంతాపసభల్లో అనుకునే మాటకి అక్కడి నిబంధనల్లో చోటు లేదు.

జాబితాలు రెండు. ఒకటి జూన్‌లో రాజుగారి పుట్టినరోజు సందర్భంగా. రెండోది జనవరి 26న. మనకది గణతంత్ర దినం, పద్మాలు ప్రకటించే వేళ. వాళ్లకది 1788లో ఖైదీల ఓడల బారు సిడ్నీ తీరాన దిగిన రోజు. అక్కడి ఆదివాసీలకి నేల పోయిన రోజు. 1938లో, ఆ రాకకి 150 ఏళ్లని సిడ్నీలో ఊరేగింపులు జరుగుతుంటే, విలియమ్ కూపర్, జాక్ ప్యాటెన్, విలియమ్ ఫెర్గూసన్ అనే ఆదివాసీ నాయకులు ఆ రోజుని సంతాపదినంగా పాటించారు. ఆ తేదీన వచ్చే పతకం పుచ్చుకోవాలా వద్దా అన్న మథనం ఈనాటికీ ఉంది. తేదీ మారుస్తారా అంటే, నాకు తోచినంతవరకు, దగ్గర్లో మార్చరు.

వద్దన్నవాళ్ల సంగతి ఎత్తాను కాబట్టి ఫ్రెడ్ హోలోస్ గురించి చెప్పాలి. న్యూజిలాండ్‌లో పుట్టిన కంటి డాక్టరు. 1970ల మధ్యలో ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతాలకి బృందాన్ని వెంటేసుకుని బయల్దేరారు. 460కి పైగా ఆదివాసీ సమూహాలకి వెళ్లి 62,000 మంది ఆదివాసీల కళ్లు చూశారు. పేద దేశాల జబ్బు అనుకునే ట్రకోమా ఆ సంపన్న దేశంలో పిల్లల రెప్పల్లో తిష్ఠ వేసి ఉంది. 1985లో ఆయనకి ఆఫీసర్ హోదా ఇవ్వజూపారు. ఆదివాసీల ఆరోగ్యానికి ఏమీ చేయకుండా నాకు పతకమెందుకని తిప్పికొట్టారు. ఆ తర్వాత 1989లో ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్నారు. 1991లో అన్నిటికంటే పై మెట్టు, ఏసీ ఇస్తే పుచ్చుకున్నారు. అప్పటికే క్యాన్సరు. 1993 ఫిబ్రవరిలో పోయారు. చెప్పి ఉంచినట్టే, ఆదివాసీలతో పనిచేసిన బర్క్ అనే ఎడారి ఊళ్లో పూడ్చారు. శుక్లాలకి వేసే కటకాలు చవగ్గా దొరకాలని ఆయన తలపెట్టిన కర్మాగారాలు ఎరిట్రియాలో, నేపాల్‌లో ఆయన పోయాక నడకకొచ్చాయి. ఒకసారి కాదని మరోసారి ఎందుకు పుచ్చుకున్నారని ఆయన్ని తప్పుపట్టినవాళ్లున్నారు. నేను పట్టను. మొదటిసారి కాదన్నప్పుడు ఆ కాదనడమే వార్తయింది, వార్త ద్వారా ట్రకోమా పేరు అందరి చెవినా పడింది. రెండోసారి అవునన్నప్పుడు చందాలకి పనికొచ్చింది. పతకాన్ని ఆయన రెండుసార్లూ పనిలోకే దించారు.

అందరి విషయంలోనూ కథ ఇంత చక్కగా నడవదు. 24 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచిన మార్గరెట్ కోర్ట్‌కి 2021లో ఏసీ ఇచ్చారు. ఆటలో ఆవిడకి సాటి లేదు. స్వలింగ సంపర్కుల మీద ఆవిడ బహిరంగంగా అంటూ వచ్చిన మాటలూ దేశానికి తెలుసు. ఆ జాబితాలోనే ఏఓ రావలసిన టీవీ పాత్రికేయుడు కెరీ ఓబ్రయన్ దానికి నిరసనగా వద్దన్నారు. ఇంకో పక్క, ఇచ్చినదాన్ని లాక్కోవడమూ ఉంది. అమెరికా కప్ పడవ పందెం గెలిపించిన వ్యాపారి అలన్ బాండ్‌కి ఏఓ ఇచ్చారు. కంపెనీల సొమ్ము మింగి జైలుకెళ్లాక తీసేశారు. పతకం ఇచ్చిన చేతికి దాన్ని వెనక్కి తీసుకునే అధికారం కూడా ఉండాలని నేను ఒప్పుకుంటాను. మన దగ్గర ఆ అధికారం కాగితం మీద ఉంది.

పై మెట్ల మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. ఏసీ జాబితా తీసి చూస్తే మాజీ ప్రీమియర్లు, న్యాయమూర్తులు, వైస్ ఛాన్సలర్లు, పెద్ద కంపెనీల అధిపతులు బారులు తీరి కనిపిస్తారు. 2024 జూన్‌లో కోవిడ్ కాలపు ప్రీమియర్లు డానియల్ ఆండ్రూస్, మార్క్ మెగావన్‌లకి ఏసీ ఇస్తే సగం దేశం చప్పట్లు కొట్టింది, సగం దేశం తిట్టిపోసింది. నా పట్టింపు వాళ్ల పార్టీ గురించి కాదు. జీతం తీసుకుని చేసిన ఉద్యోగానికి అన్నిటికంటే పెద్ద పతకం, జీతం లేకుండా జీవితకాలం చేసిన సేవకి అన్నిటికంటే చిన్న పతకం అన్న లెక్క ఎక్కడిది? హోదా ఎంతదో పతకమూ అంతది అన్న లండన్ అలవాటు వాటిల్ పూవు కింద ఇంకా దాగుంది. తన పదవీకాలం ముగిశాక ఏసీ ఇస్తామంటే కీటింగ్ వద్దన్నారు. ఆయన్ని ఆ విషయంలో నేను మెచ్చుకుంటాను.

మనవాళ్ల ఊసు లేకుండా ముగిస్తే మీరు ఒప్పుకోరు. 2016 నాటి ఏసీల జాబితాలో కృష్ణా జిల్లా వల్లూరుపాలెంలో పుట్టిన చెన్నుపాటి జగదీశ్ పేరుంది. ఏడో తరగతి దాకా కిరసనాయిలు దీపం దగ్గర చదివిన పిల్లవాడు. నాగార్జున, ఆంధ్ర, ఢిల్లీ విశ్వవిద్యాలయాలు దాటుకుని 1990లో కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చేరారు. నానో తీగల మీద, కాంతిని పుట్టించే అర్ధవాహకాల మీద ఆయన చేసిన పనికి, శిష్యుల్ని తీర్చిదిద్దినందుకు ఆ గౌరవం. 2022లో ఆస్ట్రేలియా సైన్స్ అకాడమీ అధ్యక్షులూ అయ్యారు. ఆయనా, భార్య విద్యా కలిసి తమ డబ్బుతో ఒక నిధి పెట్టారు. పేద దేశాల విద్యార్థుల్ని ఆ విశ్వవిద్యాలయానికి రప్పించడానికి. ఇందాక ఏసీల మీద నేను వేసిన నింద ఈయనకి తగలదు.

ఇంకో పేరు ఉంది, హైదరాబాదులో చాలామంది రోజూ చదువుతారు, ఎవరిదో ఆలోచించరు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి పరిశోధన కేంద్రానికి ప్రొఫెసర్ బ్రయన్ హోల్డెన్ పేరు పెట్టారు. ఆయన సిడ్నీ శాస్త్రవేత్త. ఈ రోజు మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని రాత్రి నిద్రపోయినా కన్ను ఊపిరి పీల్చుకుంటోందంటే ఆయన బృందం చేసిన పని కొంత కారణం. ఆ ఆస్పత్రి స్థాపకులు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారితో చేతులు కలిపి కళ్లజోళ్లు కూడా దొరకని జనం కోసం పనిచేశారు. ఆయనకి ఆస్ట్రేలియా ఇచ్చింది ఓఏఎం. అడుగుమెట్టు. విదేశీయులకి గౌరవార్థం ఇచ్చేవీ ఉన్నాయి. సచిన్ టెండూల్కర్‌కి 2012లో ఇచ్చిన ఏఎం అలాంటిది. హోల్డెన్ గారి ఓఏఎం కంటే అది ఒక మెట్టు పైది. మెట్ల లెక్కని నేను ఎందుకు నమ్మనో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఆడవాళ్ల విషయం చెప్పి ముగిస్తాను. దశాబ్దాల పాటు జాబితాల్లో ఆడవాళ్లు మూడోవంతుకి అటూ ఇటూ. మండలి వాళ్లని తోసిపుచ్చేదా అంటే, అదీ కాదు. వాళ్ల పేర్లు వచ్చేవే కావు. భర్త పేరు క్లబ్బు మిత్రుడు పంపేవాడు. ఆస్పత్రిలో ముప్పయ్యేళ్లు స్వచ్ఛందంగా పనిచేసిన భార్య పేరు పంపాలని ఎవరికీ తోచేది కాదు. 2017 ప్రాంతంలో కొందరు ఆడవాళ్లు ఉద్యమంగా కూర్చుని సాటి ఆడవాళ్ల గురించి ఫారాలు నింపడం మొదలుపెట్టారు. 2023 జూన్ జాబితాలో, పౌర విభాగంలో, పురస్కారం పుట్టాక మొదటిసారి ఆడవాళ్లు మగవాళ్లని మించారు. వలస వచ్చిన జనాల విషయమూ ఇదే. మెల్బోర్న్, సిడ్నీ తెలుగు సంఘాల్లో ఉగాది వేదిక మీద శాలువాలకి కొదవ లేదు. ఆదివారం బడిలో తెలుగు నేర్పుతున్న మనిషి, కొత్తగా దిగిన పిల్లలకి ఇల్లు వెతికిపెట్టే మనిషి, ఆస్పత్రిలో మన ముసలివాళ్లకి దుబాసీగా కూర్చునే మనిషి ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాళ్లు అక్కడి పౌరులైతే చాలు. రాయాల్సింది ఇంగ్లీషులో. ఫారం కాన్‌బెరాలోని గవర్నర్ జనరల్ కార్యాలయం వెబ్‌సైటులో దొరుకుతుంది.